స్పీడ్ బ్రేకర్ మీద రాని శబ్దం, చిన్న గుంతలో వస్తే

మీరు చెప్పింది ముందు నా మాటల్లో చెప్తాను. ఎక్కడైనా పొరపాటు పడితే మీకే తెలుస్తుంది. బండి ఆరేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుముకి ఇనుము తగిలినట్టు టక్ టక్ అంటోంది. 20, 30 వేగంలో, ప్యాచీలు వేసిన తారు రోడ్డు మీదా సిమెంటు రోడ్డు అతుకుల మీదా వస్తోంది. పెద్ద స్పీడ్ బ్రేకర్‌ని తిన్నగా, నిదానంగా ఎక్కి దిగితే రావడం లేదు. షాక్ అబ్జార్బర్లు పోయాయంటే రెండూ మార్పించారు. శబ్దం పోకపోగా ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. ఇప్పుడేమో స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని పక్కకి తిప్పే పార్టు, మార్చాలి, 24 వేలవుతుంది అంటున్నారు. మార్పించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే మార్పించకండి. మీరు రాసిన వివరాల్లో ర్యాక్‌ని పట్టిచ్చేది ఒక్కటీ లేదు. వేరే పార్టుని పట్టిచ్చేది మాత్రం ఒకటుంది, స్పీడ్ బ్రేకర్ సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పని చేస్తున్నాను. ముందు భాగంలో శబ్దం అంటూ ఎవరొచ్చినా, ఎక్కణ్ణించి వస్తోంది అన్న మాట పక్కన పెట్టి, ఎప్పుడు వస్తోందని అడుగుతాను. ఎక్కణ్ణించో చెప్పడంలో చెవి మోసపోతుంది. శబ్దం ఇనుములోంచి ప్రయాణించి బాడీ అంతా పాకుతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టింది డ్రైవర్ కాళ్ల దగ్గర వినిపిస్తుంది, ఒక్కోసారి డాష్‌బోర్డులోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎప్పుడు వస్తోందన్న దానికి జవాబు మాత్రం డ్రైవింగ్ చేసే మనిషి కచ్చితంగా చెప్పగలడు.

స్పీడ్ బ్రేకర్ ఏం చెబుతోందో చూడండి. ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపులో బండి ఒక పక్కకి ఒరగకుండా పట్టుకోవడం దాని పని. దాని రెండు చివరల్నీ చెరో వైపు చక్రానికి కలిపేవి జానెడు పొడవుండే లింకు రాడ్లు. ప్రతి రాడ్డుకీ రెండు కొసల్లో చిన్న బాల్ జాయింట్లు, అంటే గిన్నెలో గుండులా అన్ని వైపులా తిరిగే కీళ్లు, ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, బార్ తనని పట్టి ఉంచే రబ్బరు బుష్షుల్లో తిరిగి ఊరుకుంటుంది, మెలి పడదు. మెలి పడకపోతే లింకు రాడ్డు మీద బరువు దాదాపు ఉండదు. ఒక్క చక్రమే గుంతలో పడినప్పుడు బార్ ఒక కొస కిందికి, ఒక కొస పైకి మెలి తిరుగుతుంది. ఆ లాగుడంతా లింకు రాడ్డు మీద పడుతుంది. బాల్ జాయింట్ అరిగి కాస్త లూజు ఉందంటే ఆ క్షణంలో టక్కుమంటుంది. అతుకుల రోడ్డు మీద క్షణానికోసారి లాగుడు మారుతూ ఉంటుంది కాబట్టి టక్ టక్ టక్ అని వరసగా వస్తుంది.

రెండో ఆధారం, షాక్ అబ్జార్బర్లు మార్చాక శబ్దం గట్టిపడడం. ఇప్పటి చిన్న కార్లన్నిటికీ దాదాపు ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. షాక్ అబ్జార్బర్, స్ప్రింగు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం మూడూ కలిసిన సెట్టన్న మాట. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని రూపొందించాడు. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ తెచ్చిన కాన్సుల్ కారుతో మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర 1983లో వచ్చిన మారుతీ 800తో ఇది ఇంటింటికీ తెలిసింది. చాలా కార్లలో లింకు రాడ్డు పై కొసని ఈ స్ట్రట్‌కే బిగిస్తారు. అంటే స్ట్రట్ మార్చాలంటే లింకు రాడ్డు నట్టు ఊడదీసి తీరాలి. తుప్పు పట్టిన నట్టుని పానాతో తిప్పితే నట్టుతో పాటు లోపలి బాల్ కూడా తిరుగుతుంది, దాని రబ్బరు బూటు మెలి పడి చిరుగుతుంది. బాల్ తిరగకుండా పట్టుకోవడానికి దాని కొసలో అలెన్ కీ పట్టే రంధ్రమో, చదునుగా కోసిన చోటో ఇస్తారు. హడావుడిలో అది వాడరు. తిరిగి బిగించేటప్పుడు కూడా బాల్ తిరుగుతూనే ఉంటుంది, నట్టు పూర్తిగా కూర్చోదు. పాత లింకు రాడ్లే మళ్లీ బిగించి ఉంటే, ముందున్న లూజుకి ఇది తోడై ఉంటుంది. మీ విషయంలో ఇదే జరిగిందని నా గట్టి అనుమానం.

అనుమానం మీద పార్టు కొనమని చెప్పను. పరీక్ష చేయండి. బండిని షెడ్డులో కింద మనిషి నిలబడి చూసే గుంత మీదకి గానీ, నాలుగు చక్రాలూ ఆనే రాంపు మీదకి గానీ ఎక్కించమనండి. ఒక్క వైపు మాత్రం జాకీ పెట్టి లేపితే కుదరదు. బార్ మెలి పడి లింకు రాడ్డుని బిగబట్టేస్తుంది, ఎంత అరిగినదైనా చేతికి గట్టిగానే తగులుతుంది. లూజు లేదని చాలా షెడ్లలో తేల్చేసేది ఇలా చూసే. చక్రాలు నాలుగూ నేల మీదే ఉండాలి, లేదా ముందు రెండూ కలిపి గాల్లో ఉండాలి. అప్పుడు లింకు రాడ్డుని గుప్పిట్లో పట్టుకుని గబగబా కుదపాలి. మంచిదైతే చెయ్యి కదిలినంత మేర గట్టిగా, బిగువుగా తిరుగుతుంది. పోయినదైతే టకటకలాడుతుంది, అదే శబ్దమని మీరే గుర్తుపడతారు. వేళ్లు బాల్ జాయింట్ మీదే ఆనించి ఇంకొకర్ని బండిని పక్కలకి ఊపమంటే, దెబ్బ నేరుగా వేలికి తగులుతుంది. ఈ పనిలో చెవి కన్నా వేలిని నమ్ముతాను.

అప్పటికీ సందేహం తీరకపోతే ఇంకో పద్ధతి ఉంది. రెండు వైపులా లింకు రాడ్లు పూర్తిగా ఊడదీసి, బార్ కొసలు దేనికీ తగలకుండా తీగతో కట్టి, శబ్దం వచ్చే ఆ వీధిలోనే 20 వేగంలో ఒక్క రౌండు వెయ్యాలి. శబ్దం మాయమైతే తేలిపోయినట్టే. లింకు రాడ్లు లేకపోతే బండి మలుపుల్లో బాగా ఒరుగుతుంది, అందుకని ఆ వీధి దాటి వెళ్లకూడదు. నడిపేది కూడా మెకానిక్కే అయ్యుండాలి. కొన్ని వందల్లో దొరికే పార్టు ఇది. మార్చేటప్పుడు రెండు వైపులా మార్చండి, నట్లు కొత్తవి వెయ్యమనండి. ఆ బార్‌ని ఛాసీకి పట్టి ఉంచే రెండు రబ్బరు బుష్షుల్ని కూడా అప్పుడే చూడమనండి. అవి గట్టిపడి బార్ చుట్టూ సందు వస్తే ఇలాంటి శబ్దమే చేస్తాయి, కాకపోతే కాస్త మందంగా, డుబ్ డుబ్ అని.

ఇక ర్యాక్. ర్యాక్ అరిగితే ఆ దెబ్బ స్టీరింగ్‌లో మీ అరచేతికి తెలుస్తుంది. మీరు చేతికి ఏమీ తగలడం లేదని రాశారు. పరీక్ష ఇంటి ముందే చేసుకోవచ్చు. బండి ఆపి, చక్రాలు నేల మీదే ఉండగా, తాళం ఆన్ చేసి స్టీరింగ్‌ని అర అంగుళం ఎడమకీ కుడికీ వేగంగా ఆడించండి. చక్రాలు తిరగకూడదు, లూజు మాత్రం కదలాలి. ర్యాక్ గానీ, ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ కొసన ఉండే జాయింట్, అంటే టై రాడ్ ఎండ్ గానీ పోయుంటే గుంతలు అక్కర్లేకుండా ఇక్కడే టకటకమంటుంది. ఇంకొకరు చక్రం వెనక చెయ్యి పెట్టి టై రాడ్ ఎండ్ మీద వేలు ఆనిస్తే, లూజు ఎండ్‌లో ఉందో లోపల ఉందో తెలుస్తుంది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. మన చిన్న కార్లలో చాలా వాటికి ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారు స్టీరింగ్ కాలమ్ మీదే, డాష్‌బోర్డు కింద ఉంటుంది. అక్కణ్ణించి ర్యాక్‌కి కలిపే చిన్న షాఫ్టుకి క్రాస్ జాయింట్లు ఉంటాయి. అవి అరిగినా, వాటి బోల్టు లూజైనా అచ్చం ర్యాక్ పోయినట్టే వినిపిస్తుంది. పెడళ్ల పైన చెయ్యి పెట్టి ఆ జాయింట్ పట్టుకుంటే తేలిపోతుంది. ఆ జాయింట్ చూడకుండా ర్యాక్ మార్చేసిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. యజమాని ముఖం చూసి ఈ మాట చెప్పాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లింకు రాడ్లు గట్టిగానే ఉన్నాయని తేలితే నా తర్వాతి అనుమానం స్ట్రట్ పైన ఉండే మౌంటింగు మీదకి పోతుంది. కొత్త షాక్ అబ్జార్బర్‌కి పాత మౌంటింగునే తగిలించారేమో బిల్లులో చూడండి. అందులో రబ్బరు, చిన్న బేరింగు ఉంటాయి. బానెట్ ఎత్తి, స్ట్రట్ తల మీద అరచెయ్యి ఆనించి, ఇంకొకర్ని స్టీరింగ్ పూర్తిగా ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పమనండి. మంచిదైతే నున్నగా తిరుగుతుంది. పోయినదైతే స్ప్రింగు ముందు బిగుసుకుని, తర్వాత టంగుమని ఒక్కసారి జారుతుంది, అరచేతికి గుద్దు తగులుతుంది. మధ్య నట్టు సరిగా బిగించకపోయినా గుంతల్లో టక్కుమంటుంది. కొత్త షాక్ అబ్జార్బర్ వేసిన వారం పది రోజుల్లో తిరిగొచ్చే బండ్లలో ఎక్కువగా కనిపించేది ఆ నట్టే.

ఓ కేసు చెప్తాను. గుడివాడ వైపు నుంచి ఒక టీచరమ్మ బండి తెచ్చారు. ఆవిడకి రోజూ ఉదయం వినిపించే శబ్దం ఏ షెడ్డుకి తీసుకెళ్లినా రాదు. మూడు చోట్ల ఏమీ లేదు పొమ్మన్నారు. నేనూ గంటసేపు తిప్పాను, రాలేదు. చివరికి మర్నాడు పొద్దున్నే వాళ్లింటికే వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. వాళ్ల గేటు ముందు కాలవ మీద వాలు బండ ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి దాని మీదుగా ఏటవాలుగా దిగాలి. ఒక చక్రం కిందికి దిగి, స్టీరింగ్ కొసకంటా తిరిగి ఉన్న ఆ ఒక్క క్షణంలో టంగుమంది. పై మౌంటింగు పోయింది. మా షెడ్డు ముందు రోడ్డు చదును, అక్కడ అది ఎన్నేళ్లు తిప్పినా పలకదు. అప్పట్నించీ శబ్దం వచ్చే చోటికి యజమానితో వెళ్లకుండా నేను పానా పట్టుకోను. మీరు కూడా మెకానిక్‌ని మీ వీధికి రమ్మనండి. నడపడం మీరే నడపండి.

ఇదే ఇబ్బందితో ఉన్న మరికొందరికి శబ్దం వేరేలా ఉండొచ్చు, ఆ తేడాలు కూడా చెప్పేస్తాను. గుంతల మీద ఎడమ వైపు చిన్నగా గలగలమంటూ, బ్రేకు మీద కాలు కాస్త ఆనిస్తే చప్పున ఆగిపోతే అది సస్పెన్షన్ కానే కాదు, బ్రేకు ప్యాడ్లో క్యాలిపర్ పిన్నులో. ప్యాడ్లు మార్చినప్పుడు చిన్న స్ప్రింగు క్లిప్పులు పారేసిన బండ్లలో ఇది మామూలే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే కట్ కట్ కట్ మంటే యాక్సిల్ బయటి జాయింట్. చక్రం లోపలి వైపు, చుట్టుపక్కలా గ్రీజు చిమ్మి ఉందేమో చూస్తే బూటు చిరిగిన సంగతి తెలిసిపోతుంది. బూటు చిరిగిన కొత్తలో గ్రీజు నింపి బూటు మారిస్తే జాయింట్ బతుకుతుంది, కట్ కట్ మొదలయ్యాక బతకదు.

హూ అనే మూలుగు వేగంతో పాటు పెరుగుతూ ఉంటే వీల్ బేరింగు గానీ టైరు గానీ. ఖాళీ రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, 50లో స్టీరింగ్‌ని మెల్లగా కుడికి తిప్పి చూడండి. బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. మూలుగు పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగు. ఎటు తిప్పినా మారకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి చూడండి. మూలుగు వెనక్కి పోతే టైరు. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలి బయల్దేరినప్పుడు ఒకసారి డబ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే ఇనుప చెయ్యి) వెనక బుష్షుని గానీ ఇంజన్ మౌంటింగుని గానీ అనుమానించాలి. గీరుతున్నట్టు చప్పుడు ఉన్నట్టుండి మొదలైతే డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య కంకర రాయి ఇరుక్కుని ఉంటుంది. ఇవేవీ కాకుండా బ్యాటరీ క్లాంపు లూజైనా, చక్రం పైన ప్లాస్టిక్ లైనర్ క్లిప్పు ఊడినా ముందు భాగం మోగుతుంది. కాబట్టి అన్నిటికన్నా ముందు వాటిని చేత్తో కదిపి చూడండి, వీల్ నట్లు బిగించి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక్క శబ్దం విషయంలో మాత్రం ఆగకూడదు. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్. ముందు చక్రం గాల్లోకి లేపి, పైన 12 గంటల చోటా కింద 6 గంటల చోటా పట్టుకుని ఆడిస్తే కదలిక ఉందా చూడాలి. కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగు లూజు. బ్రేకు తొక్కినా కదులుతూనే ఉంటే బాల్ జాయింట్ దగ్గరో మౌంటింగు దగ్గరో ఉంది. 9, 3 గంటల చోట్ల పట్టుకుంటే కదిలేవి సాధారణంగా టై రాడ్ ఎండ్లు. బాల్ జాయింట్ గానీ టై రాడ్ ఎండ్ గానీ లూజని తేలితే ఆ బండిని నడుపుకుంటూ ఇంటికి కూడా వెళ్లకండి. ఒక ట్యాక్సీ కుర్రాడికి ఈ మాట చెప్పాను, ఆదివారం ట్రిప్పు ఉంది సోమవారం వస్తానన్నాడు. ఆ రోజే వారధి దాటాక చక్రం బయటికి మడతపడి బండి నేల మీద కూలబడింది. వేగం తక్కువ, ఎవరికీ ఏమీ కాలేదు. హైవే మీద 90లో అయ్యుంటే ఏమయ్యేదో అనిపించినప్పుడల్లా, ఆ రోజు తాళం తీసుకుని నా దగ్గరే పెట్టుకోవాల్సింది అనుకుంటాను.

ఇంట్లో చక్రం లేపి చూసుకునే వాళ్లు డిక్కీలో వచ్చిన జాకీని నమ్మి బండి కింద తల పెట్టకండి. స్టాండ్లు ఉండాలి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు స్టాండ్లు కావు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి. చదును నేల, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకి అడ్డం, ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు.

రబ్బరు బుష్షుల గురించి ఒక మాట. కిర్రు కిర్రుమంటున్న చోట సబ్బు నీళ్లు పిచికారీ కొట్టి చూడండి. కాసేపు శబ్దం తగ్గితే ఆ బుష్షే. డీజిలు, కాలిన ఇంజనాయిలు మాత్రం కొట్టించకండి. అంబాసిడర్ల కాలంలో ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉండేవి, సర్వీసుకి వచ్చిన ప్రతి బండికీ గన్నుతో గ్రీజు కొట్టేవాళ్లం. ఆ అలవాటు ఇప్పటి బండ్ల మీద చెల్లదు. ఇప్పటి బాల్ జాయింట్లు లోపలే గ్రీజు పెట్టి మూసేసినవి, బుష్షులు రబ్బరువి. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి, కొన్నాళ్లకి ఊడి వస్తుంది. వారం పాటు శబ్దం తగ్గినట్టు అనిపించడం మాత్రం నిజం, అందుకే జనం నమ్ముతారు.

లోయర్ ఆర్మ్ బుష్షులు మార్పించాల్సి వస్తే, బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే చెయ్యమని దగ్గరుండి చెప్పండి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో అతుక్కుంటుంది. బండి దించగానే మెలి పడి, ఇక అలాగే మెలితోనే తిరుగుతుంది. కొన్ని నెలలకే చిరుగుతుంది, పార్టు నకిలీదని అంగడి వాడిని తిడతాం.

మీ బండికి వస్తే, వరస ఇది. రేపు వీల్ నట్లు, బ్యాటరీ, లైనర్ చూసుకోండి. స్టీరింగ్ ఆడించి ర్యాక్ పరీక్ష మీరే చెయ్యండి. తర్వాత ఏదైనా రాంపు ఉన్న షెడ్డుకి వెళ్లి, నాలుగు చక్రాలూ ఆనించి లింకు రాడ్లు కుదిపించండి. అవి పోయాయని తేలితే మార్పించి అదే వీధిలో తిరగండి. అవి బాగుంటే పై మౌంటింగు. షాక్ అబ్జార్బర్లు మార్చినప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించారా అన్నది మీరు రాయలేదు. చేయించకపోతే ముందు టైర్ల లోపలి, బయటి అంచులు చేత్తో తడిమి చూడండి, ఒక వైపే అరుగుతుంటే తెలిసిపోతుంది. అయినా అలైన్‌మెంట్‌కి ఇప్పుడే వెళ్లకండి. ఈ పనులన్నీ అయ్యాక, శబ్దం పోయిందని రెండు మూడు రోజులు తిరిగి చూసుకున్నాక, ఒక్కసారే చేయించండి.